నాలుగు మూలలా పసుపు

మదీనాగూడ,
9-2-1997

చిరంజీవి వాసంతికి మీ మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కలం మూత తీసి, మళ్లీ పెట్టేసి, వెళ్లి పోచయ్య పాన్‌డబ్బా దగ్గర కూర్చున్నాను. "ఏంది పెద్దాయనా, జర పరేషాన్‌ల ఉన్నవ్?" అన్నాడు. కోడలికి ఉత్తరం రాయాలి, చెయ్యి రావడం లేదన్నాను. "ఆమె ఫోన్ల ఆఫీసుల నౌకరీ చేస్తది, నువ్వు చిట్టీలు రాస్తవ్. మంచిగుంది!" అని నవ్వాడు. నిజమే మరి. ఎస్టీడీ బూత్‌లో ఆ ఎర్ర అంకెలు పరిగెడుతుంటే నాకు నోరు పెగలదు. నా మాటలకి సందులూ గొందులూ ఎక్కువ, మీటరుకేమో తిన్నని రోడ్డే కావాలి.

అసలు సంగతి. మాదాపూర్‌లో రాళ్లగుట్టల మధ్య గుండ్రంగా ఓ పెద్ద మేడ లేపుతున్నారు. దాని వెనకాల విశ్వేశ్వరరావుగారని ఓ రిటైరైన ఇంజనీరు, తన ఇంటి కింది వాటాలో పాత కంప్యూటర్లన్నీ పోగేసి మ్యూజియం పెట్టాడు. మ్యూజియం అంటే సాలార్‌జంగ్ మ్యూజియం అనుకునేవు. అక్కడ గంట కొట్టే బొమ్మ కోసం జనం నోళ్లు తెరుచుకుని నిలబడితే, మీ అత్తయ్య "పాపం, వాడికి అన్నం ఎప్పుడు పెడతారండీ?" అని అడిగింది. ఇక్కడ గంటా లేదు, జనమూ లేరు. దుమ్ము మాత్రం తుడుస్తారు.

ఆయన వాల్వు రేడియో బాగుచేయడానికి వెళ్లాను. పెద్ద చదువు లేకపోయినా రేడియోలు ఇంకా నా మాట వింటున్నాయి. మాటల్లో ఆయన, స్పెక్ట్రమ్ అనే చిన్న ఇంటి కంప్యూటరు పుట్టి ఈ ఏప్రిల్‌కి పదిహేనేళ్లని, పుట్టినరోజు పండగ చెయ్యాలని ఉందని, కాని తన దగ్గరున్నది నడవడం లేదని వాపోయాడు. రబ్బరు మీటలు, టేపురికార్డరులో క్యాసెట్ పెడితే కీచుమని అరిచి మేలుకునే పెట్టె! నేను లేచి నిలబడ్డాను. "మా అబ్బాయి భాస్కర్‌ది ఉందండి. నడుస్తుంది" అన్నాను. "నడుస్తుంది" అన్న మాట వాడి గురించి అని నాలుగేళ్లయింది వాసంతీ.

వాడు నీ కోసం రాసిన ముగ్గు ప్రోగ్రాం గుర్తుందిగా. చుక్కలు నువ్వు చెప్పావు, లెక్క వాడు కట్టాడు. నుమాయిష్‌లో మీరిద్దరూ స్టాల్లో కూర్చుని చూపిస్తే జనం ఎగబడ్డారు. పేరడుగుతుంది, నీ పేరు కొడితే మెలికల ముగ్గు గీత గీతగా వేస్తుంది. మన నలుపు తెలుపు టీవీలో నాలుగు మూలలా బూడిదరంగు ముద్దలేవో వచ్చేవి. లెక్కలో తప్పుందిరా అంటే వాడు నవ్వేవాడు.

ఆ పెట్టె ఇంక నీ దగ్గరెందుకమ్మా, పంపించెయ్యి. ఏప్రిల్‌లో మంచిరోజు చూస్తున్నారు. ఆ రోజు నువ్వు లేకపోతే ఎలా? మూలల పసుపు ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు. మీ అత్తయ్యకీ నాకూ సంతోషమే.

ఆశీస్సులతో,
బుల్లిబాబు


కాకినాడ,
20-2-1997

పూజ్యులైన మామయ్యగారికీ అత్తయ్యగారికీ వాసంతి నమస్కారాలు.

కవరు మూలల పసుపు చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మీకు తెలిసిపోయిందన్నమాట. ఎవరు చెప్పారని అడగను, మా అన్నయ్యే అయ్యుంటాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

నేనే ముందు చెప్పాల్సింది. మొదలుపెట్టడం, చించెయ్యడం, ఇదే పని అయింది. మీరు కోప్పడతారని కాదు. బాధపడి కూడా నవ్వుతూ రాస్తారని భయం. అలాగే రాశారు. మ్యూజియం, గంట కొట్టే బొమ్మ, అన్నీ చెప్పి చివర్న రెండు ముక్కల్లో మనసు చెప్పారు. ఆ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చదువుకున్నానో.

పెట్టె సంగతి మీరన్నది న్యాయమే. ఇంక నా దగ్గరెందుకు. పంపిస్తాను.

ఒక్క కోరిక మామయ్యగారూ. ఆ రోజు నా పక్కన మీరుండాలి. నాన్నగారుంటే ఆయనే ఉండేవారు. మొదటిసారి ఏమీ తెలియలేదు, ఆయన పక్కనుంటే ఎంత జనం చూస్తున్నా నవ్వొచ్చింది. ఈసారి తలుచుకుంటేనే భయం వేస్తోంది. మీరు సరేనంటే ఎవరేమన్నా లెక్కచెయ్యను. అడగకూడనిది అడిగానేమో. అడగదగినవాళ్లు నాకు మీరే ఉన్నారు.

రోజు ఖాయమయ్యాక అన్నయ్య స్వయంగా వచ్చి పిలుస్తాడు.

అత్తయ్యగారి మోకాలి నొప్పి ఎలా ఉంది?

మీ
వాసంతి


మదీనాగూడ,
1-3-1997

చిరంజీవి వాసంతికి,

పిచ్చిపిల్లా! దీనికి ఇంత బతిమాలాలా? నిలబడతాను. నీ పక్కన నిలబడతాను. బుల్లిబాబు మాట ఇస్తే రేడియో సిలోన్ టైమింత నిక్కచ్చి అని మా జీడిమెట్ల కార్ఖానాలో అనేవారు. ఆ కార్ఖానాలో ట్రాన్స్‌ఫార్మర్లకి తీగ చుట్టీ చుట్టీ నా వేళ్లు ఇప్పటికీ నిద్రలో తిరుగుతుంటాయని మీ అత్తయ్య కంప్లెయింటు. సరే, అది వేరే కథ.

నీ ఉత్తరం ఆవిడకి పైకి చదివి వినిపించాను. "జనం ముందు కూర్చోవడానికి భయమేమిటండీ దానికి, నుమాయిష్‌లో మైకు పట్టుకుని మాట్లాడిన పిల్ల" అంది. నేను చెప్పాను, అప్పుడు వాడు పక్కనున్నాడే, ఇప్పుడు లేడు కదా అని. ఆవిడ పప్పు గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పప్పు అడుగంటింది. ఆ పూట మజ్జిగన్నమే.

ఏమో, అందరూ నాలుగేళ్లుగా నాతో చెప్పేది ఒకటే. కోడలు చిన్నది, రేపో మాపో దాని దారి అది చూసుకుంటుంది, మీరు మరిచిపోవడం అలవాటు చేసుకోండి అని. నీ ఉత్తరం పోచయ్యకి కూడా చూపించాను. తెలుగు చదవడం రాకపోయినా పట్టుకుని చూశాడు. "బిడ్డ అసుంటి కోడలు" అన్నాడు.

రోజు ఖాయమైంది. ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం పొద్దున్న. మీ అన్నయ్య రావడమెందుకు, శ్రమ? పిలవాల్సింది మేం కదా! మీ అత్తయ్య కొత్త చీర కొంటానంటోంది, కంప్యూటరుకి చీరెందుకే అంటే వినదు. విశ్వేశ్వరరావుగారు కలర్ టీవీ తెప్పిస్తున్నాడు. నీ పేరు కాగితం మీద రాసుకున్నాడు, ముగ్గు చూపించేది శ్రీమతి వాసంతి అని.

శనివారం గౌతమి ఎక్కెయ్యి. స్టేషనుకి నేనొస్తాను.

ఆశీస్సులతో,
బుల్లిబాబు


కాకినాడ,
12-3-1997

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ముందు మీరు కావాలని ఏమీ ఎరగనట్టు రాస్తున్నారనుకున్నాను. మళ్లీ చదివాను. అప్పుడు అర్థమైంది, మీకు నిజంగానే ఏమీ తెలియదని. అన్నయ్యనడిగితే ఒట్టు పెట్టుకున్నాడు, చెప్పలేదని. పసుపు పెట్టింది పెట్టె పుట్టినరోజుకా? నేను మరోటి అనుకున్నాను.

ఇంక దాచను. నేనడిగింది మ్యూజియం గురించి కాదు. నాకు మళ్లీ పెళ్లి కుదిరింది. ఆయన పేరు సుబ్రహ్మణ్యం. మా ఎక్స్ఛేంజిలోనే పని. భార్య పోయి మూడేళ్లయింది. పెద్దగా మాట్లాడరు. భాస్కర్‌గారి గురించి చెప్తే అడ్డురాకుండా వింటారు. అందుకే ఒప్పుకున్నాను.

సింహాచలంలో పెళ్లి. ఆఫీసువాళ్లకి వీలని ఆదివారమే పెట్టారు. అదీ ఆ ఇరవై ఏడే. నన్ను పీటల మీద కూర్చోబెట్టి మీరు దానం చెయ్యాలని అడిగాను మామయ్యగారూ. మీరు నిలబడతానంటే, మ్యూజియం గురించి అంటున్నారని తెలియక, రోజంతా ఏడుస్తూ నవ్వుతూ తిరిగాను. మీ మాట మీకు తిరిగిచ్చేస్తున్నాను. తెలియక ఇచ్చిన మాటకి మిమ్మల్ని కట్టెయ్యలేను. తెలిసి ఇస్తే మాత్రం కాదనను.

పెట్టె, టేపురికార్డరు, క్యాసెట్ పార్సిల్ చేశాను. ముగ్గు ఎలా వెయ్యాలో చెప్తాను. J అన్న మీట నొక్కితే LOAD అని మాట మొత్తం పడుతుంది. అప్పుడు టేపు తిప్పాలి. టేపురికార్డరు సౌండు మీట మీద నా గోళ్లరంగు చుక్క ఉంది, ఆ చుక్క పైకి రావాలి. భాస్కర్‌గారే పెట్టించారు. అటూ ఇటూ అయితే చివరిదాకా అరిచి తప్పు చూపిస్తుంది.

ఆయన వాచీ, ఆకుపచ్చ స్వెటరు, మా పెళ్లి ఫోటో కూడా అందులోనే పెట్టాను.

వాసంతి


మదీనాగూడ,
2-4-1997

చిరంజీవి వాసంతికి,

పార్సిల్ అందింది. నేను పెట్టె ఒక్కటి అడిగాను. నువ్వు మావాణ్ణి మొత్తం పంపేశావు.

మీ అత్తయ్య స్వెటరు ముఖానికి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత దాన్ని మడిచి బీరువాలో పెట్టి, "ముహూర్తం ఎన్నింటికట?" అని అడిగింది. నాలుగు మూలలా పసుపు రాసింది ఆవిడే. ఏ కాగితం దొరికినా రాస్తుంది, కరెంటు బిల్లుకి కూడా ఓసారి రాసింది. దాన్ని నువ్వు శుభలేఖ అనుకున్నావు. నువ్వు రాసిందాన్ని నేను ముగ్గు అనుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి వేరు వేరు స్టేషన్లు వింటున్నాం. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేశాను, ఇది తెలుసుకోలేకపోయాను.

నిలబడతానన్న మాట నిజమే. ఎక్కడ అని నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. ఆ అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు. నువ్వు చేస్తున్నది తప్పని నేననను, అన్నవాణ్ణి ఊరుకోను కూడా. కాని కూతుర్ని దానం చెయ్యడానికి మంత్రముంది. కోడల్ని దానం చెయ్యడానికి ఏ మంత్రముందో, అది చదివేటప్పుడు తండ్రి ఎటు చూడాలో నాకెవరూ చెప్పలేదు. నా వల్ల కాదు.

ఆ రోజు నేను మాదాపూర్‌లో ఉంటాను. ఒప్పుకున్నాను కదా. పెట్టె దగ్గర మనవాళ్లెవరో ఒకరుండాలి.

వాచీ తీసి చూశాను. నడుస్తోంది. నువ్వు రోజూ కీ ఇస్తున్నావని తెలిసింది. అలాంటప్పుడు ఎందుకు పంపావో తెలియలేదు.

బుల్లిబాబు


కాకినాడ,
12-4-1997

మామయ్యగారికి నమస్కారాలు.

మీరు రానక్కర్లేదు. అన్నయ్యా వదినా కూర్చుంటారు.

వాచీ ఎందుకు పంపానని అడిగారు. కొత్త ఇంట్లో దాన్ని నా అంతట నేను పెట్టుకోలేను. ఎవరైనా ఉంచుకోమనాలి. ఆ మాట అనగలిగినవాళ్లు మీరొక్కరే. మీ చేత్తో తిరిగి తెచ్చి, ఉంచుకోమ్మా అంటారనుకున్నాను. అలా అనుకోవడం కూడా నా పొరపాటే.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

వాసంతి


మదీనాగూడ,
2-5-1997

చి.సౌ. వాసంతికి మీ మామయ్య ఆశీర్వదించి రాయునది.

పైన 'సౌ' పెట్టాను, చూశావా. నాలుగేళ్లుగా రాయక ఆ అక్షరానికి చెయ్యి తిరగలేదు. మూడు కాగితాలు పాడుచేశాను.

మీ అత్తయ్య పెళ్లికి వచ్చిన సంగతి నీకు తెలిసిందే. శనివారం నేను గడ్డం గీసుకుంటుంటే సంచీతో గుమ్మంలో నిలబడి, "నేనూ జయమ్మగారూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తున్నాం. రేపు మ్యూజియంలోనే భోంచెయ్యండి" అంది. పక్కింటావిడ తోడు లేనిదే మియాపూర్ కూడా దాటని మనిషి. ఆవిడ వచ్చేదాకా, ఆవిణ్ణి కూడా నేనే వద్దన్నాననుకున్నారట మీవాళ్లు. అది నిజం కాదు. నేను ఆవిణ్ణి ఏమీ అనలేదు. వెళ్లమని అనలేదు, వద్దనీ అనలేదు.

ఆదివారం పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. "ఏంది సార్, బిడ్డ పెండ్లికి గిఫ్టా?" అన్నాడు ఆటో అతను. అవునన్నాను. కొండాపూర్ దాటేదాకా అతను తన చెల్లెలి పెళ్లి కథ చెప్పాడు. బాగుంది. ఎప్పుడైనా చెప్తాను.

మ్యూజియంలో ఓ యాభై మంది ఉంటారు. అంతా టక్ చేసుకున్న కుర్రాళ్లు. బెలూన్లు కట్టారు. కేకు మీద రబ్బరు మీటలు కూడా వేయించాడు విశ్వేశ్వరరావుగారు. ఆయన మైకులో "ఇప్పుడు శ్రీమతి వాసంతి" అని కాగితం చూసి చదివేశాడు. నేను లేచి వెళ్లాను. జనం నవ్వారు. నవ్వనీ.

అక్కడ తెలిసింది నేను చేసిన పని. ముందురోజు టేపురికార్డరు మురికిగా ఉందని స్పిరిట్ దూదితో ఒళ్లంతా తుడిచాను. మెకానిక్ చెయ్యి, ఆగదు. నీ గోళ్లరంగు చుక్క కూడా తుడిచేశాను. నువ్వు అంత వివరంగా రాసింది చదివీ, పాలిష్ చేసినట్టు తళతళలాడించాను. క్యాసెట్ పెట్టాను, అరిచింది, తప్పు చూపించింది. కొంచెం పెంచాను, తప్పు. తగ్గించాను, తప్పు. కుర్రాళ్లు ఒక్కొక్కరే కేకు వైపు వెళ్లారు. విశ్వేశ్వరరావుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలెండి బుల్లిబాబుగారూ, పాత సరుకు" అన్నాడు. ఇంకొక్కసారి అన్నాను. కళ్లు మూసుకుని, మన ముందు గదిలో ఆ కీచు ఎలా వినబడేదో, నువ్వు "చెవులు చిల్లులు పడుతున్నాయండీ" అని వంటింట్లోంచి అరిచేదానివే, ఆ అరుపు ఎక్కడ మొదలయ్యేదో అక్కడిదాకా తిప్పి ఆపాను.

పడింది. పేరడిగింది. ముందు నా పేరు కొట్టాను. ఏమీ రాలేదు, మళ్లీ పేరడిగింది. నీ పేరు కొట్టాను.

వాసంతీ, ఆ ముగ్గుకి రంగులున్నాయి. మనం ఎప్పుడూ చూడలేదు, మన టీవీలో రంగులెక్కడివి? వాడికి తెలుసు మన టీవీ సంగతి. అయినా వేశాడు. చుక్కలు ఎర్రగా, మెలికలు తెల్లగా. ఆ నాలుగు మూలల ముద్దలు తప్పు కాదు. పసుపు. నాలుగు మూలలా పసుపు పెట్టి నీ పేరు మధ్యలో రాశాడు. నీకు చెప్పాడో లేదో తెలియదు. చెప్పి ఉండడు. కలర్ టీవీ కొన్నాక చూపిద్దామనుకుని ఉంటాడు.

గోడ గడియారం చూశాను. సింహాచలంలో ముహూర్తం వేళ దాటిపోయి ఉంటుంది. ముగ్గు ముందు కూర్చుని, తెర మీద నీ పేరుని చూస్తూ, జేబులో అక్షింతలు లేక, ఉత్త చెయ్యి ఎత్తాను. ఎవరో కుర్రాడు నేను దండం పెడుతున్నాననుకుని ఫోటో తీశాడు.

భోజనాల ముందు ఫ్యాన్ల కోసమని పెట్టె ప్లగ్గు లాగేశారు. ఆ పెట్టెకి జ్ఞాపకం ఉండదు కదా, మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. నేను చెప్పలేదు. విశ్వేశ్వరరావుగారు అడిగితే పెట్టె అక్కడే వదిలేసి వచ్చాను. క్యాసెట్ మాత్రం తెచ్చుకున్నాను.

మీ అత్తయ్య సోమవారం వచ్చింది. పెళ్లి ఎలా జరిగిందని నేనడగలేదు. "పులిహోరలో ఉప్పు తక్కువైంది" అంది. సాయంత్రం కూరలు తరుగుతూ, మీ అన్నయ్యా వదినా పీటల పక్కన ఇంకో పీట వేసి ఉందని చెప్పింది. ఎవరికమ్మా అని పురోహితుడు అడిగితే, నువ్వు తలెత్తకుండా "ఉండనీండి" అన్నావట. చివరిదాకా అది అలాగే ఉందట.

వాచీ, స్వెటరు, ఫోటో, క్యాసెట్. ఇవి నీవి. ఉంచుకో అమ్మా. సుబ్రహ్మణ్యంగారు ఏమైనా అంటే మామయ్య ఉంచుకోమన్నాడని చెప్పు. మామయ్య అన్న మాట చెల్లకపోతే, బుల్లిబాబు అనే ముసలాడు అన్నాడని చెప్పు.

ఇవాళ పొద్దున్న ఇవన్నీ గుడ్డలో కుట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. పైన మీ ఆఫీసు చిరునామా వేసి, మన ఇంటిపేరుతో నీ పేరు రాసి, గుర్తొచ్చి కొట్టేశాను. ఉత్త వాసంతి అని రాశాను. కౌంటర్లో యాదయ్య, "గిట్ల ఇంటిపేరు లేకుండ ఎట్ల సార్? ఆ ఆఫీసుల ఎంతమంది వాసంతులు ఉంటరో. పూరా పేరు రాసి తీస్కరా" అన్నాడు. నీ కొత్త ఇంటిపేరేమిటని మీ అత్తయ్యనడిగాను, ఆవిడకీ తెలియదు. పార్సిల్ ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. వాచీకి కీ ఇద్దామంటే అది లోపల కుట్టేసి ఉంది.

బుల్లిబాబు